స్లిట్ ల్యాంప్ పరీక్ష: చుక్క వేయకముందు ఏం చూడాలి, వేశాక ఏం చూడాలి

స్లిట్ ల్యాంప్ (సన్నటి వెలుగు చార వేసి కంటిని పెద్దదిగా చూపే మైక్రోస్కోప్) దగ్గర కొత్తగా కూర్చునేవాళ్లు ముందు జబ్బుల పేర్లు నేర్చుకుంటారు, పరీక్ష వరుస సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. నిజానికి వరుసే ముందు రావాలి. కంట్లో ఒక్క చుక్క పడితే కొన్ని గుర్తులు ఆ రోజుకి పోయినట్టే. కంటిపాప పెద్దదయ్యాక దాని అంచున ఉన్న తెల్లపొడి సరిగా కనిపించదు. నీలి వెలుగులో ఆకుపచ్చగా మెరిసే ఫ్లోరెసిన్ రంగు వేశాక కంటి ముందు గదిలో (కార్నియా అనే ముందరి పారదర్శక పొరకీ, పాప చుట్టూ ఉండే రంగు వలయం ఐరిస్‌కీ మధ్య ఖాళీలో) కణాల లెక్క నమ్మడానికి లేదు. రెప్ప తిప్పి నొక్కాక కన్నీటి పొర పరీక్షకు అర్థం ఉండదు. గుణుపురం అవతల కొండ ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన మనిషిని రేపు మళ్లీ రమ్మంటే రాడు. అందుకే ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, గజపతి, గంజాం జిల్లాల్లోనూ ఇటు పార్వతీపురం, ఇచ్ఛాపురం వైపూ విజన్ సెంటర్లలో పనిచేసే ఆప్టోమెట్రిస్టులకు, ఆప్తాల్మిక్ అసిస్టెంట్లకు పనికొచ్చేలా ఆ వరుసలోనే ఇది రాస్తున్నాం.

ఒక మినహాయింపు. కంట్లో సున్నం, యాసిడ్, జీడిగింజ తొక్క నూనె, బ్యాటరీ నీళ్లు లాంటివి పడ్డాయని చెబితే స్లిట్ ల్యాంప్ వైపు అసలు వెళ్లకండి. ముందు కడగాలి. సెలైన్ ఉంటే సెలైన్, లేకపోతే శుభ్రమైన నీళ్లు, కనీసం అరగంట. పై రెప్ప తిప్పి, కింది రెప్ప లాగి, మడతల్లో ఇరుక్కున్న సున్నపు ముక్కల్ని తడి దూదిపుల్లతో తీసేయాలి. కిళ్లీ సున్నం ప్యాకెట్ పిల్లలు నొక్కితే పేలి కంట్లో పడుతుంది. ఆ ముద్ద మడతలో ఉన్నంతసేపు కాలుస్తూనే ఉంటుంది. పరీక్ష, చూపు కొలత అన్నీ ఆ తర్వాతే.

ముందు యంత్రాన్ని మీ కంటికి సరిచేసుకోండి

పొద్దున్నే పేషెంట్లు రాకముందు మూడు నిమిషాల పని ఇది. ఎక్కువమంది వదిలేసేది కూడా ఇదే.

యంత్రంతో పాటు వచ్చిన ఫోకసింగ్ రాడ్‌ని మధ్య ఇరుసు మీది రంధ్రంలో పెట్టండి. దాని చదును ముఖం మీ వైపు ఉండాలి. స్లిట్‌ని సన్నగా చేసి రాడ్ మీద వేయండి, తక్కువ పవర్ పెట్టండి. ఎడమ కన్ను మూసి కుడి ఐపీస్‌ని ప్లస్ వైపు చివరిదాకా తిప్పండి. గీత మసకబారుతుంది. అక్కడి నుంచి మెల్లగా మైనస్ వైపు తిప్పుతూ గీత మొదటిసారి పదునుగా కనిపించిన చోట ఆపేయండి. ఇంకా తిప్పినా పదునుగానే ఉంటుంది గానీ అప్పుడు మీ కన్ను బలవంతంగా ఫోకస్ పట్టుకుంటోందన్నమాట. మధ్యాహ్నానికి వచ్చే తలనొప్పికి కారణం అదే. రెండో కంటికీ ఇలాగే చేసి, రెండు అంకెలూ చీటీ మీద రాసి యంత్రానికి అతికించండి. ఇద్దరు ముగ్గురు వాడే యంత్రమైతే ఎవరి అంకెలు వాళ్లవి. తర్వాత ఐపీస్‌ల మధ్య దూరం సరిచేసుకోండి. రెండు గుండ్రాలు ఒక్కటిగా కలిసి లోతు తెలియాలి.

రాడ్ తీయకముందే ఇంకో రెండు సంగతులు చూడండి. లైటు చేతిని ఎడమ నుంచి కుడికి తిప్పినా గీత రాడ్ మధ్యలోనే కదలకుండా ఉండాలి. జరిగిపోతుంటే లైటుకీ మైక్రోస్కోప్‌కీ ఫోకస్ ఒక్కచోట కలవడం లేదన్నమాట. చాలాసార్లు దానికి కారణం, ముందు వాడినవాళ్లు సెంటరింగ్ స్క్రూ వదులు చేసి మళ్లీ బిగించకపోవడమే. రెండోది, స్లిట్‌ని నెమ్మదిగా మూస్తూ రండి. రెండు అంచులూ సమంగా కలవాలి. గీత అక్కడక్కడ తెగి రంపపు పళ్లలా ఉంటే అద్దం మీదో స్లిట్ అంచుల మీదో దుమ్ము ఉంది. ఆ గీతతో కార్నియా లోతు చూస్తే లేని మచ్చలు కనిపిస్తాయి.

కూర్చోబెట్టడం

స్లిట్ ల్యాంప్ ఎక్కించే ముందే చూపు కొలిచి రాసుకోవాలి, టార్చితో రెండు పాపల స్పందన చూసుకోవాలి. బలమైన వెలుగు తిన్న కంటికి చూపు కొలిస్తే తక్కువ వస్తుంది. చుక్కలు వేశాక పాపల పరీక్ష ఎలాగూ లేదు.

గడ్డం, నుదురు ఆనే చోట్లు పేషెంటు చూస్తుండగానే స్పిరిట్‌తో తుడవండి, కాగితం మార్చండి. తలపాగా ఉంటే తీయించండి. గడ్డం పెట్టాక పక్క కడ్డీ మీది నల్లగీతకు కంటి బయటి మూల సరిగ్గా ఎదురుగా రావాలి. ఈ గీత కలవకపోతే జాయ్‌స్టిక్ పైకో కిందికో చివరిదాకా వెళ్లి ఆగిపోతుంది, పరీక్ష సగంలో మళ్లీ మొదలుపెట్టాలి. నుదురు పట్టీకి గట్టిగా ఆనాలి. ఫోకస్ ఉన్నట్టుండి పోతే ముందు మీ చేతిని అనుమానించకండి, పేషెంటు నుదురు చూడండి. మనుషులు మెల్లగా వెనక్కి జారుతుంటారు. గూని ఉన్న ముసలివాళ్లకి బల్ల బాగా దించి స్టూల్ దగ్గరికి లాగాలి. చిన్న గుంటల్ని స్టూల్ మీద మోకాళ్లపై నిలబెట్టి తల్లిని వెనక నుంచి తల పట్టుకోమనండి.

తెలుగు రానివాళ్లు రోజూ వస్తారు. ఈ ఒడియా మాటలు నోటికి వచ్చి ఉండాలి: ఉపరకు దేఖంతు అంటే పైకి చూడండి, తళకు దేఖంతు అంటే కిందికి చూడండి, ఆఖి బంద కరంతు అంటే కన్ను మూయండి, ఆఖి ఖోలంతు అంటే తెరవండి. సవర, కువి మాత్రమే వచ్చినవాళ్లకి వెంట వచ్చినవాళ్ల చేత చెప్పించండి. నేరుగా చూడమనడానికి మీ చెవి చూపిస్తే చాలు. రెప్ప ఆడించొచ్చని కూడా చెప్పండి. చెప్పకపోతే కొందరు బిగబట్టుకుని కూర్చుంటారు, నీళ్లు కారిపోతాయి.

లైటు స్విచ్ వేసేటప్పుడు వెలుగు అడుగున ఉండాలి, కాంతి కణత వైపు నుంచి రావాలి. నేరుగా పాపలోకి పూర్తి వెలుగు కొడితే ఆ పేషెంటు పరీక్ష అయ్యేదాకా కన్ను తెరవడు. గది చీకటి చేసుకోండి. రేకుల షెడ్డులో నడిచే సెంటరైతే కిటికీకి నల్లగుడ్డ తప్పదు.

చుక్కకు ముందు: బయటి నుంచి లోపలికి

మొదట వెడల్పు వెలుగు, డిఫ్యూజర్ వేసి, 10 రెట్ల పవర్‌తో రెప్పలు, వెంట్రుకలు చూడండి. పెద్దవయసువాళ్లలో లోపలికి తిరిగిన వెంట్రుకలు వెతకండి. భారతదేశంలో ట్రకోమా (రెప్ప లోపలి పొరకు మచ్చలు పడేసే అంటుజబ్బు) ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని 2024 అక్టోబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కానీ ఎప్పుడో పడిన మచ్చ ఇప్పటికీ రెప్పని లోపలికి లాగుతూనే ఉంటుంది. తర్వాత పేషెంటుని నాలుగు దిక్కులా చూడమని తెల్లగుడ్డు మొత్తం తిప్పి చూడండి. పిల్లల్లో కణత వైపు, కార్నియా పక్కన నురుగులాంటి తెల్లమచ్చ ఉంటే అది బిటాట్ మచ్చ, విటమిన్ ఎ లోపం. రేచీకటి ఉందా అని తల్లిని అడగండి. పొలం పనివాళ్లలో ముక్కు వైపు నుంచి పెరిగిన కండ కార్నియా మీదికి ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో రాసుకోండి.

కార్నియా దగ్గరికొచ్చాక అసలు పని మొదలవుతుంది. ఇక్కడ ఒకే సూత్రం: లైటు చేయి, మైక్రోస్కోప్ ఒకే వరుసలో ఉంటే లోతు తెలియదు. 1911లో ఆల్వార్ గుల్‌స్ట్రాండ్ ఈ దీపాన్ని చూపించినప్పటి నుంచి స్లిట్ ల్యాంప్ బలమంతా కాంతిని పక్క నుంచి వేయడంలోనే ఉంది. 45 డిగ్రీలు పెట్టుకోండి. స్లిట్‌ని రెండు మిల్లీమీటర్ల వెడల్పు చేస్తే కార్నియాలో ఒక దిమ్మె కోసినట్టు కనిపిస్తుంది. దానితో ఒక అంచు నుంచి రెండో అంచుకి మెల్లగా జరుపుకుంటూ వెళ్లండి. ఏదైనా తగిలితే ఆగి, స్లిట్‌ని వీలైనంత సన్నం చేసి, వెలుగు పెంచి, 16 లేదా 25 రెట్లకి మార్చండి. ముందు మెరిసే గీత కన్నీటి పొర, ఎపిథీలియం. మధ్యలో బూడిదరంగు భాగం స్ట్రోమా. వెనక మెరిసే గీత ఎండోథీలియం. మచ్చ ఈ మూడింట్లో ఎక్కడుందో ఆ కోతలోనే తెలుస్తుంది. నలుసు పైపైన ఉందా, స్ట్రోమాలో సగానికి దిగిందా అన్నది తేల్చాల్సిందీ ఇక్కడే. తీసే ప్రయత్నం చేయాలా వద్దా అన్నది దాన్ని బట్టే ఉంటుంది.

మచ్చ మసగ్గా, గీతలో తేలకుండా ఉంటే రెండు ఉపాయాలు. వెలుగుని మచ్చ మీద కాకుండా దాని పక్కన వేసి మచ్చని చూడండి. లేదా వెలుగుని కార్నియా అంచున పడేలా పక్కకి జరపండి. కార్నియా లోపలే కాంతి ప్రయాణించి, మచ్చ ఉన్న చోట మాత్రం వెలుగుతుంది. ఈ రెండోదానికే సెంటరింగ్ స్క్రూ వదులు చేస్తారు, పని అయ్యాక బిగించండి.

తర్వాత ముందు గది లోతు. పాప పెద్దది చేసే చుక్క వేయొచ్చా లేదా అని తేల్చేది ఇదే కాబట్టి ఎంత హడావుడిలోనూ వదలకూడదు. లైటు చేయి కణత వైపు 60 డిగ్రీలకి తిప్పండి, మైక్రోస్కోప్ నేరుగా ఉండాలి, స్లిట్ అత్యంత సన్నం, కార్నియా అంచున సరిగ్గా లింబస్ (కార్నియా, తెల్లగుడ్డు కలిసే చోటు) పక్కన. కార్నియా కోత మందాన్ని కొలబద్దగా పెట్టుకుని, దాని వెనక నుంచి ఐరిస్ దాకా ఉన్న చీకటి ఖాళీ ఎంతో చూడండి. ఖాళీ కార్నియా మందమంత లేదా అంతకంటే ఎక్కువ ఉంటే గ్రేడ్ 4. పావు నుంచి సగం అయితే 3. సరిగ్గా పావు అయితే 2. పావు కంటే తక్కువైతే 1. దీన్నే వాన్ హెరిక్ పద్ధతి అంటారు. 2 లేదా అంతకంటే తక్కువ వస్తే డాక్టర్ చూడకుండా పాప పెద్దది చేయొద్దు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, లింబస్ దగ్గర కాకుండా ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి జరిపి చూస్తారు. అక్కడ లోతు ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తుంది.

ఇప్పుడు కణాలు, ఫ్లేర్. ఎర్రకన్ను, నొప్పి, వెలుగు చూడలేకపోవడం ఉన్న ప్రతి కంటికీ ఇది చేయాలి. గది పూర్తిగా చీకటి చేయండి. స్లిట్‌ని 1 మిల్లీమీటర్ వెడల్పు, 1 మిల్లీమీటర్ ఎత్తు చేసి, వెలుగు గరిష్ఠంగా పెంచి, 45 నుంచి 60 డిగ్రీల ఏటవాలుగా వేయండి. పవర్ 16 రెట్లు చాలు. ముందు కార్నియా మీద ఫోకస్ పట్టి, జాయ్‌స్టిక్‌ని ముందుకి తోస్తూ లెన్స్ ముఖం దాకా వెళ్లి, అక్కడి నుంచి సగం వెనక్కి రండి. వెనక నల్లటి పాప ఉండేలా చూసుకోండి. మామూలు కంట్లో కార్నియా గీతకీ లెన్స్ గీతకీ మధ్య కటిక చీకటే. జబ్బు కంట్లో, పెంకుటింటి కప్పు కన్నంలోంచి పడే ఎండచారలో దుమ్ము ఆడినట్టు కణాలు మెల్లగా కదులుతుంటాయి. చారే పొగపట్టినట్టు ఉంటే అది ఫ్లేర్, అంటే ప్రోటీన్ కారింది. జాయ్‌స్టిక్‌ని కొంచెం కొంచెం ఊపుతూ ఉంటే తొందరగా దొరుకుతాయి. ఆ ఒక మిల్లీమీటర్ చతురస్రంలో 1 నుంచి 5 కణాలుంటే 0.5 ప్లస్, 6 నుంచి 15 అయితే 1 ప్లస్, 16 నుంచి 25 అయితే 2 ప్లస్, 26 నుంచి 50 అయితే 3 ప్లస్, 50 దాటితే 4 ప్లస్. చీకట్లో మీ కన్ను అలవాటు పడడానికి అర నిమిషం ఇవ్వండి. కిటికీ గుడ్డ సగం తీసిన గదిలో కూర్చుని కణాలు లేవని రాసిన కేసు షీటుని నమ్మలేం. కార్నియా వెనక కింది సగంలో త్రికోణంగా అంటుకున్న ముద్దలు కూడా ఇప్పుడే వెతకండి.

ఇంకొక్కటి మిగిలింది, పాప అంచు. 25 రెట్లతో అంచు చుట్టూ ఒకసారి తిరిగి రండి. తెల్లటి పొడి అంటుకుని ఉంటే సూడోఎక్స్‌ఫోలియేషన్. ఆ కంటికి కాటరాక్ట్ ఆపరేషన్ చేసే డాక్టర్‌కి ముందే తెలియాలి, ఎందుకంటే లెన్స్‌ని పట్టి ఉంచే దారాలు బలహీనంగా ఉంటాయి, పాప సరిగా పెద్దది కాదు, గ్లాకోమా కూడా ఉండొచ్చు. షుగర్ పేషెంట్లలో అదే అంచున సన్నటి ఎర్ర నరాలు కొత్తగా పుట్టాయేమో చూడండి. పాప పెద్దదయ్యాక ఇవి ముడతల్లో దాక్కుంటాయి.

ఫ్లోరెసిన్, కంటి ప్రెషర్

పేపర్ స్ట్రిప్‌లే వాడండి. సీసాలో కలిపి నిల్వ ఉంచిన ఫ్లోరెసిన్‌లో సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది, అది కార్నియాని కరిగించేస్తుంది. స్ట్రిప్ చివర ఒక్క చుక్క సెలైన్ వేసి దులిపి, కింది రెప్ప లోపల తాకించి తీసేయండి. కార్నియాకి తగలకూడదు. రెండు మూడుసార్లు రెప్ప ఆడించమని, నీలం ఫిల్టర్ వేసి, స్లిట్ వెడల్పు చేయండి.

మొదట కన్నీటి పొర. రెప్ప ముట్టుకోకుండా, ఆడించొద్దని చెప్పి, ఆకుపచ్చ పొరలో మొదటి నల్లచుక్క వచ్చేదాకా లెక్కపెట్టండి. 10 సెకన్లలోపే వస్తే పొర నిలవడం లేదు. తర్వాత ఆకుపచ్చగా మెరిసే చోట్లు. కార్నియా పై భాగంలో నిలువు గీతలుంటే పై రెప్ప కింద నలుసు దాగి ఉంది. పేషెంటుని కిందికి చూడమని, వెంట్రుకలు పట్టుకుని ముందుకి లాగి, దూదిపుల్లని రెప్ప మధ్య మడత మీద ఆనించి తిప్పండి. నూర్పుల రోజుల్లో వడ్ల నూగు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

గుచ్చుకున్న గాయమైతే రెప్ప తిప్పొద్దు, నొక్కొద్దు. స్ట్రిప్‌ని ఎక్కువ తడపకుండా గాయం మీద రంగు చిక్కగా పడేలా తాకించండి. ముదురు నారింజ రంగులోంచి ఆకుపచ్చ ధార కిందికి పారితే లోపలి నీరు కారుతోంది. కన్ను చిల్లు పడింది. చుక్కలు, ఆయింట్‌మెంట్, ప్రెషర్ చూడటం అన్నీ మాని, ఒత్తిడి పడని గట్టి షీల్డ్ పెట్టి పంపించేయండి. జేకేపూర్ మిల్లు, తెరుబలి ఫ్యాక్టరీ వైపు నుంచి సుత్తి, ఉలి, గ్రైండర్ గాయాలతో వచ్చేవాళ్లలో కార్నియా మీద చిన్న గీత మాత్రమే కనిపించినా ఐరిస్‌లో సన్నటి కన్నం ఉందేమో వెనక నుంచి వెలుగు వేసి వెతకండి. ఉంటే ఇనుప ముక్క లోపలే ఉండొచ్చు. ఎంఆర్‌ఐ వద్దని స్లిప్పు మీద రాయండి.

ప్రెషర్ చూసేటప్పుడు ప్రొపరాకైన్ 0.5 శాతం చుక్క, ఫ్లోరెసిన్, నీలం ఫిల్టర్, స్లిట్ పూర్తి వెడల్పు, లైటు చేయి 60 డిగ్రీలు. టోనోమీటర్ (ప్రెషర్ కొలిచే పరికరం) డ్రమ్ముని 1 మీద పెట్టండి, అంటే 10 మిల్లీమీటర్ల పాదరసం. టోనోమీటర్ చివర ఉండే ప్రిజం కార్నియాని తాకగానే రెండు ఆకుపచ్చ అర్ధవృత్తాలు కనిపిస్తాయి. వాటి లోపలి అంచులు ఒకదానికొకటి తాకేదాకా డ్రమ్ము తిప్పి, అంకెని పదితో హెచ్చించండి. వృత్తాలు లావుగా ఉంటే నీరు ఎక్కువైంది, ప్రెషర్ ఎక్కువగా చూపిస్తుంది. తుడిచి మళ్లీ చూడండి. మరీ సన్నగా ఉంటే తక్కువగా చూపిస్తుంది. రెప్ప పట్టుకుంటే వేలు ఎముకకి ఆనించండి, గుడ్డు మీద కాదు. ప్రిజంని ప్రతి కేసుకీ 5 శాతం హైపోక్లోరైట్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు కలిపిన ద్రావణంలో 5 నిమిషాలు ఉంచి, సెలైన్‌తో బాగా కడిగి ఆరనివ్వాలి. కడగకుండా పెడితే ఎపిథీలియం కాలుతుంది. కళ్లకలక కేసులకి ఈ పరీక్షే చేయొద్దు.

వరి కోతల నాటి పుండు

కోతలు, నూర్పుల నెలల్లో ఈ జిల్లాల్లో ఏ సెంటరుకైనా వచ్చే కేసు ఇది. వరి ఆకు అంచు గీరుకుంటుంది, లేదా ఊక పడుతుంది. మూడు నాలుగు రోజులు ఆకు పసరో, చనుబాలో వేసి, తగ్గక మందుల షాపులో ఇచ్చిన చుక్క వేసుకుని వస్తారు. మొదటి ప్రశ్న: ఆ సీసా ఏది? వెంట తెప్పించండి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్ అన్న పేర్లలో ఏదున్నా అది స్టెరాయిడ్. ఎర్రదనం తగ్గించి, ఫంగస్‌కి దారి తెరిచి ఉంటుంది. ఆపించండి.

ఇక స్లిట్ ల్యాంప్‌లో. పుండు ఉపరితలం పొడిగా, కొంచెం పైకి లేచి, అంచులు పీచుపీచుగా స్ట్రోమాలోకి చొచ్చుకుపోయి, పక్కన విడిగా చిన్న తెల్లచుక్కలు ఉంటే ఫంగస్ అని గట్టిగా అనుమానించాలి. బ్యాక్టీరియా పుండు ఎక్కువగా తడిగా, అంచు స్పష్టంగా, వేగంగా పెరుగుతూ ఉంటుంది. కంటి చూపుతో తేల్చేయొద్దు, గీకి తీసిన శాంపిల్‌ని మైక్రోస్కోప్ కింద చూశాకే తేలుతుంది. మీ పని కొలవడం. లైటు చేయి, మైక్రోస్కోప్ ఒకే వరుసలోకి తెచ్చి, స్లిట్ ఎత్తు నాబ్ తిప్పుతూ గీతని పుండు పైఅంచు నుంచి కిందిఅంచుకి సరిపెట్టండి. నాబ్ మీద అంకె మిల్లీమీటర్లలో ఉంటుంది. స్లిట్‌ని అడ్డంగా తిప్పి అడ్డకొలత తీసుకోండి. తెల్లటి ఇన్‌ఫిల్ట్రేట్ (పుండు చోట కార్నియాలో చేరిన కణాల ముద్ద) ఒక కొలత, ఫ్లోరెసిన్ పట్టిన భాగం ఇంకో కొలత, రెండూ విడివిడిగా రాయాలి. కింద చీము నిలిచి ఉంటే దాని ఎత్తు కూడా. సన్నటి కోతతో కార్నియా ఎంత పలచబడిందో చూడండి.

బొమ్మ వేయండి. రంగులకు అందరూ పాటించే పద్ధతి ఉంది: ఇన్‌ఫిల్ట్రేట్, చీము పసుపు, ఫ్లోరెసిన్ పట్టినది ఆకుపచ్చ, వాపు నీలం, పాత మచ్చ నలుపు, రక్తనాళాలు ఎరుపు. బరంపురం మెడికల్ కాలేజీలోనో విశాఖ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలోనో చూసే డాక్టర్‌కి నాలుగు వాక్యాల కంటే ఈ బొమ్మ, "నిన్న 3 × 2.5, ఇవాళ 3.5 × 3" అన్న అంకెలు ఎక్కువ చెబుతాయి. కట్టు కట్టి పంపొద్దు. మూసిన కంట్లో పుండు ఇంకా చెలరేగుతుంది.

పాప పెద్దది చేశాక

ట్రోపికమైడ్ 0.8 శాతం, ఫినైలెఫ్రిన్ 5 శాతం కలిసిన చుక్క వేసి, ముక్కు పక్క మూలని ఒక నిమిషం నొక్కి ఉంచమనండి. బీపీ బాగా ఎక్కువున్నా గుండెజబ్బు ఉన్నా ఫినైలెఫ్రిన్ లేని ట్రోపికమైడ్ వాడండి. ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. బైకు మీద వచ్చారా అని వేయకముందే అడగండి.

శుక్లంలో మధ్య గింజ ముదురుదనాన్ని 45 డిగ్రీల సన్నటి కోతతో చూస్తారు. పక్క చారలు, వెనక పొర మీది మచ్చ అలా సరిగా తేలవు. లైటుని మైక్రోస్కోప్‌తో ఒకే వరుసలోకి తెచ్చి, చిన్న వెలుగుని పాప అంచు నుంచి లోపలికి పంపితే రెటీనా నుంచి తిరిగొచ్చే ఎర్రటి వెలుగు మీద అవి నల్లగా కనిపిస్తాయి. చూపు తక్కువ, గింజ మాత్రం తేలిగ్గా ఉందంటే ఇలా చూడకుండా కళ్లజోడు రాసి పంపొద్దు.

రెటీనాకి 90 డయాప్టర్ లెన్స్. లైటు చేయి, మైక్రోస్కోప్ ఒకే వరుసలో, 10 రెట్లు, స్లిట్ 2 మిల్లీమీటర్ల వెడల్పు, వెలుగు తక్కువ. ముందు లెన్స్ లేకుండా పాప మధ్యలో ఫోకస్ పట్టండి. లెన్స్‌ని బొటనవేలు, చూపుడువేలుతో పట్టుకుని, మిగతా వేళ్లు నుదురు పట్టీకి ఆనించి, కంటి ముందు 7 మిల్లీమీటర్ల దగ్గర పెట్టండి. ఇప్పుడు జాయ్‌స్టిక్‌ని మెల్లగా రెండు సెంటీమీటర్లకు పైగా వెనక్కి లాగండి. ముందు ఎర్రటి వెలుగు, తర్వాత నరాలు తేలతాయి. కొత్తవాళ్లకి ఏమీ కనిపించకపోవడానికి కారణం సాధారణంగా ఒకటే: వెనక్కి లాగకముందే లెన్స్‌ని అటూ ఇటూ ఆడిస్తారు. కుడి కంటి డిస్క్ (రెటీనాలో కంటినరం మొదలయ్యే చోటు) కోసం పేషెంటుని మీ కుడి చెవి చూడమనండి, ఎడమ కంటికి ఎడమ చెవి. బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు మారి ఉంటుంది. షీటు మీద తిప్పి వేయాలని మర్చిపోవద్దు. మెరుపులు అడ్డొస్తే లెన్స్‌ని కొంచెం వాల్చండి.

యంత్రం బాగోగులు

హాలోజన్ బల్బు గాజుని వేలితో ముట్టుకోకండి. చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి తొందరగా పోతుంది. కాగితంతో పట్టుకుని బిగించండి. ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడిచి ఆరాక వెలిగించండి. అదనంగా ఒక బల్బు, ఒక ఫ్యూజు సొరుగులో ఉండాలి, కొండ ప్రాంతంలో కొరియర్ వచ్చేదాకా సెంటర్ మూసుకోలేం కదా. కొత్తది పెట్టాక వెలుగు ఒక పక్కే పడుతుంటే బల్బు సరిగా కూర్చోలేదు. వోల్టేజీ ఊగిసలాడే చోట స్టెబిలైజర్ తప్పనిసరి. కరెంటు పోయినప్పుడు మెయిన్ స్విచ్ ఆపండి, తిరిగి వచ్చేటప్పటి ఒక్క కుదుపుకే బల్బు ఎగిరిపోతుంది.

అద్దం మీద దుమ్ము రబ్బరు బ్లోయర్‌తోనే పోవాలి, నోటితో ఊదితే తుంపర పడుతుంది. ఆ అద్దానికి పూత పైనే ఉంటుంది, గట్టిగా రుద్దితే గీతలు శాశ్వతం. వానాకాలంలో, ముఖ్యంగా ఇచ్ఛాపురం, గోపాల్‌పూర్ లాంటి తీరం పక్కన, లెన్స్‌లలో బూజు పడుతుంది. ఐపీస్‌లు, 90 డయాప్టర్ లెన్స్, ప్రిజం మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. నీలం జెల్ గులాబీరంగుకి తిరిగితే పెనం మీద సన్నసెగన వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. సాయంత్రం బల్బు చల్లారకముందే కవర్ కప్పితే ఆ వేడి తేమ లోపలే ఉండిపోతుంది. పది నిమిషాలు ఆగి, కింది లాక్ స్క్రూ బిగించి, అప్పుడు కప్పండి.